గర్భిణి దురదను ‘మామూలే’ అని కొట్టిపారేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా చెల్లెలికి ఎనిమిదో నెలలో అరచేతులు, అరికాళ్లు దురద పెట్టడం మొదలైంది. ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేదు. పగలు ఎలాగో ఓర్చుకునేది, రాత్రయితే నిద్ర పట్టేది కాదు. చెకప్‌లో చెప్తే, “కడుపు పెరిగేటప్పుడు చర్మం సాగుతుంది కదమ్మా, మామూలే” అని లోషన్ రాసిచ్చి పంపేశారు. పది రోజులు అలాగే గడిచాయి. “అక్కా, దువ్వెనతో గీరుకున్నా తీరడం లేదే” అని తను ఏడుస్తూ ఫోన్ చేశాక వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. దురద రాత్రిళ్లు ఎక్కువగా ఉందా, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని ఆవిడ అడిగారు. అదే రోజు లివర్ పరీక్ష, బైల్ యాసిడ్స్ పరీక్ష చేయించారు. తేడా లివర్‌లో ఉందని అప్పుడు తెలిసింది.

గర్భంతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ల వల్ల కొందరిలో లివర్ నుంచి పిత్తం సాఫీగా బయటికి పోదు. అందులోని ఆమ్లాలు, అంటే బైల్ యాసిడ్స్, రక్తంలో పేరుకుంటాయి. దీన్ని డాక్టర్లు కొలెస్టేసిస్ అంటారు. ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే బయటపడుతుంది. తల్లికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది కాబట్టి పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. భయమంతా బిడ్డ గురించే. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. బైల్ యాసిడ్స్ లీటరుకు 100 మైక్రోమోల్స్ చేరితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుందని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ చూపింది. ఆ అంకెను బట్టే కాన్పు ఎప్పుడు చేయాలో డాక్టర్లు నిర్ణయిస్తారు. పరీక్షే చేయకపోతే ఆ అంకె ఎవరికి తెలుస్తుంది? మా చెల్లెలికి అంత పెరగలేదు. 38వ వారంలో కాన్పు చేశారు, తల్లీబిడ్డా క్షేమం. ఆ పది రోజుల ఆలస్యం వల్ల మాకు నష్టం జరగలేదు, అంతే. ఇంకొకరికీ అలాగే జరుగుతుందన్న భరోసా ఎక్కడుంది?

గర్భిణులకు వచ్చే దురదల్లో చాలావాటితో ప్రమాదం లేదన్న మాట నిజమే. పాత ఎగ్జిమా తిరగబెట్టడం, చర్మం పొడిబారడం తరచూ జరిగేవే. చివరి వారాల్లో పొట్ట మీది చారల్లో ఎర్రటి దద్దుర్లు మొదలై, బొడ్డు దగ్గర మాత్రం రాకుండా ఉంటే అది సాధారణంగా బిడ్డకు హాని చేయనిదే, కాన్పయ్యాక కొన్ని వారాల్లో పోతుంది. అదే బొడ్డు చుట్టూ మొదలై నీటి పొక్కులుగా మారితే స్కిన్ డాక్టర్ తప్పకుండా చూడాలి. అది అరుదైన వేరే జబ్బు కావచ్చు. దద్దురు లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెడితే మా చెల్లెలి కథే. ఇంత తేడా ఉన్నవాటన్నిటికీ ఒకే లోషన్ రాసిచ్చేస్తే ఎలా?

ఇంకో సంగతి కూడా ఎవరూ అడగరు: ఇంట్లో ఏం రాసుకుంటున్నారు అని. గర్భంతో ఉన్నప్పుడు ముఖం మీద మంగు మచ్చలు రావడం మామూలు. ఆ టెన్షన్‌లో చాలామంది రంగు తేల్చే క్రీముల వైపు వెళ్తారు. వాటిలో కొన్నిటిలో పాదరసం ఉంటుంది. అది మాయను దాటి బిడ్డకు చేరుతుంది, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందం కింద కిలోకు 1 మిల్లీగ్రాము మించి పాదరసం ఉన్న ఇలాంటి క్రీముల తయారీని ఆపాలన్నారు. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటికీ 2025ను గడువుగా 2023లో పెట్టారు. అయినా ఆన్‌లైన్‌లో దొరుకుతూనే ఉన్నాయి, డబ్బా మీద పాదరసం అన్న మాటే ఉండదు. మంగుకు వాడే హైడ్రోక్వినోన్ చర్మం గుండా చాలానే ఒంట్లోకి పోతుంది కాబట్టి గర్భిణులను వాడొద్దంటారు. ఎండ తగలకుండా చూసుకోవడం, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోవడం చాలు. కాన్పు తర్వాత ఆ మచ్చలు చాలామందిలో వాటంతటవే పలచబడతాయి.

మొటిమలకు మింగే ఐసోట్రెటినాయిన్ విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. బిడ్డ మెదడు, గుండె, ముఖం ఏర్పడే తీరునే అది చెడగొడుతుంది. ఆపిన తర్వాత కనీసం నెల గడిచాకే గర్భం గురించి ఆలోచించాలి. సోరియాసిస్‌కు ఇచ్చే ఎసిట్రెటిన్‌కైతే మూడేళ్లు ఆగాలి. పెళ్లికాని అమ్మాయికి రాసేటప్పుడే ఈ మాట విడమరిచి చెప్పాలి. మొహమాటానికి ఇక్కడ చోటు లేదు.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా చూశాను. భయంతో మందులన్నీ ఒక్కసారిగా ఆపేసి, ఎగ్జిమాతో రక్తం కారేదాకా గీరుకున్నవాళ్లు ఉన్నారు. అంత బాధ పడనక్కర్లేదు. మొటిమలకు అజెలాయిక్ యాసిడ్, దురదకు మాయిశ్చరైజర్, తక్కువ, మధ్యస్థ శక్తి గల స్టెరాయిడ్ పూత మందులు డాక్టర్ సలహాతో వాడుకోవచ్చు. ఘాటైన స్టెరాయిడ్లను ఒళ్లంతా ఎక్కువగా రాస్తేనే బిడ్డ బరువు తగ్గే అవకాశం ఉంటుంది.

మీ పత్రిక ద్వారా ఆరోగ్య శాఖ అధికారులను రెండు విషయాలు కోరుతున్నాను. గర్భిణుల చెకప్ కార్డులో బీపీకి, బరువుకు గడులు ఉంటాయి. వాటి పక్కనే ఇంకో రెండు ప్రశ్నలు అచ్చు వేయండి: “దురద ఉందా, ఎక్కడ?”, “చర్మానికి ఏం వాడుతున్నారు?” అలాగే గర్భిణులు వాడకూడని మందు ఏదైనా, ఆ హెచ్చరిక పెట్టె ముందువైపే పెద్ద అక్షరాల్లో ఉండాలి. లోపల మడిచి పెట్టిన కాగితంలో చీమతలంత అక్షరాల్లో ఉంటే ఎవరు చదువుతారు?

కొలెస్టేసిస్ ఒకసారి వస్తే తర్వాతి గర్భంలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మా చెల్లెలికి ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఈసారి తన కార్డు పైభాగాన తనే ఎర్ర పెన్నుతో రాసుకుంది: “దురద వస్తే బైల్ యాసిడ్స్ పరీక్ష చేయాలి.”

ఇట్లు,
మీ పాఠకురాలు