చిన్నబాబుకి, రాయగడ నుంచి

రాయగడ,
జూలై 18

చిరంజీవి చిన్నబాబుకి అమ్మ దీవెనలు.

నాగావళి ఎర్రనీళ్లతో పారుతోంది. ఆఖరి పనసకాయ పద్మక్కకి ఇచ్చేశాను. రమణ సమతాలో ఢిల్లీ వస్తున్నాడు. అతని చేత చోడిపిండి, చేగోడీలు పంపుతున్నాను. నైనితాల్ చెమ్మకి మెత్తబడతాయి, డబ్బా మూత గట్టిగా బిగించు.

నువ్వు ఫోన్ చేసి ఇరవై మూడు రోజులు. వానలకి టెలిస్కోపు డోము మూసే ఉంటుంది, రాత్రిళ్లు నీకు పనేమీ ఉండదనీ తెలుసు. సరే, అందుకని రాయడం లేదు. నీ బ్లాజార్‌లో, అదే మన వైపు జెట్ గురిపెట్టిన ఆ కృష్ణబిలపు గెలాక్సీలో, ఆరేళ్లకోసారి వెలుగు తిరిగి పెరిగే పీరియడ్ దొరికిందనీ, నెలాఖరుకే పేపర్ పంపేస్తావనీ బుజ్జి అంది. నిజమేనా?

నీ డేటా పదిహేనేళ్లది. ఆరేళ్లంటే రెండున్నర చుట్లు. క్వేజార్ల (నీ బ్లాజార్ కూడా ఆ జాతిదే) వెలుగు రెడ్ నాయిస్, అంటే నిదానంగా వచ్చే మార్పులకే బలమెక్కువ. అలాంటి లైట్ కర్వ్, అంటే కాలంతో వెలుగు మారే గీత, ఏ గడియారమూ లేకుండానే రెండు మూడు గుట్టలు పోస్తుంది, చూస్తే అచ్చం సైన్ వేవే. పీజీ 1302-102 అనే క్వేజార్‌కి 5.2 ఏళ్ల పీరియడ్ అని 2015లో ఎంత సందడి చేశారు! చేతిలో ఉన్నది తొమ్మిదేళ్ల డేటా, రెండు చుట్లు కూడా నిండలేదు. కనీసం ఐదు చుట్లు చూడనిదే నమ్మకూడదని ఆ మరుసటి ఏడాదే లెక్కకట్టి చూపించారు. చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను, నీకు తెలియనిదేం కాదు.

ఓజే 287 అనే బ్లాజార్ సంగతి మాత్రం మళ్లీ గుర్తుచేస్తాను. దానికి 1888 నుంచీ పాత ఫోటో ప్లేట్ల మీద వెలుగు లెక్కలున్నాయి. పన్నెండేళ్లకోసారి ఎగసిపడుతోందని గమనించి, 1988లో సిల్లన్‌పా బృందం జంట కృష్ణబిలాలన్నారు. 1994కి జోస్యం చెప్పారు, వచ్చింది. ఏడాదికి రెండో శిఖరం కూడా వచ్చింది. 2007 సెప్టెంబరు 13న వచ్చింది. 2019 జూలై 31 నాటిది భూమ్మీద నుంచి చూడలేం, అప్పుడది సూర్యుడి దాపున ఉంటుంది. స్పిట్జర్ టెలిస్కోపు అంతరిక్షం నుంచి చూస్తే చెప్పిన వేళకి నాలుగు గంటల తేడాలో పట్టుబడింది. ఇంక తిరుగేముంది అనుకున్నారంతా. 2022 అక్టోబరుకి ఇంకోటి చెప్పారు. రాలేదు. కొమోస్సా బృందం పెద్ద బిలం బరువు 1800 కోట్ల సూర్యులు కాదు, 10 కోట్లే అంది. జంట బిలాల మోడల్ వాళ్లేమో, చిన్న బిలం గుద్దే డిస్క్, అంటే పెద్దదాని చుట్టూ తిరిగే వాయువు పళ్లెం, కాస్త వంగిందనీ, వెలుగు జూలై-ఆగస్టులోనే, అంటే ఎవరికీ కనబడని ఆ రోజుల్లోనే వచ్చి పోయిందనీ అన్నారు. మీ చిన్నాన్న అప్పు తీర్చే తేదీలు గుర్తొచ్చాయి నాకు. నూటముప్పై ఏళ్ల లెక్కలున్నదాని గతే ఇది, నీవి పదిహేను.

ఫోన్ సంగతి అడగనులే.

పంపేముందు ఇవి చూడు. ముందటి ఏళ్లకి పాత ప్లేట్లు కలపాలనుకుంటే, అవి నీలానికి స్పందిస్తాయి, నీ సీసీడీ కెమెరా కొలతలు వీ బ్యాండ్‌లో, అంటే ఆకుపచ్చ-పసుపు వెలుగులో. రంగు తేడా సవరించకుండా అతికిస్తే వెలుగు కొలతలో సుమారు 0.4 మాగ్నిట్యూడ్ మెట్టు పడుతుంది, ఆ మెట్టే గుట్టలా కనబడుతుంది. పోలిక నక్షత్రాలు అన్ని సీజన్లకీ అవే ఉండాలి. అపెర్చర్, అదే వెలుగు కొలిచే వలయం, కూడా మార్చకు. గాలి అలజడికి బొమ్మలు చెదిరి సీయింగ్ చెడిన రాత్రి బ్లాజార్ వెలుగూ చుట్టూ ఉన్న గెలాక్సీ వెలుగూ అపెర్చర్‌లోంచి ఒకే పాళ్లలో జారిపోవు, లేని మసక ఉన్నట్టు కనిపిస్తుంది. పీరియడ్ వెతికే గ్రాఫులో ఏడాది దగ్గరా, 29.5 రోజుల దగ్గరా శిఖరాలొస్తే అవి వానలవీ చంద్రుడివీ, నీ బ్లాజార్‌వి కావు.

పీరియడ్ వెతికే లాంబ్-స్కార్గిల్ పద్ధతి ఇచ్చే ప్రాబబిలిటీ వైట్ నాయిస్, అంటే అన్ని వేగాల మార్పులకీ ఒకే బలమున్న వెలుగు, కోసం కట్టింది, దాన్ని పేపర్లో పెట్టకు. నీ పవర్ స్పెక్ట్రమ్ (ఏ వేగపు మార్పుకి ఎంత బలమో చెప్పే గీత) వాలుతోనే పదివేల ఉత్తుత్తి లైట్ కర్వులు చెయ్యి. ఒక్కొక్కటీ పదింతలు పొడవు చేసి ముక్క కోసుకో, లేకపోతే తక్కువ ఫ్రీక్వెన్సీల బలం తగ్గిపోతుంది. నీ డేటాలోని ఖాళీలూ ఎర్రర్లూ వాటికీ పెట్టు. ఆ ఒక్క పీరియడ్ దగ్గరే కాకుండా, నువ్వు వెతికిన ఫ్రీక్వెన్సీలన్నిటిలో ఎక్కడైనా అంత శిఖరం ఎన్ని కర్వుల్లో వచ్చిందో లెక్కపెట్టు.

రేడియో కూడా చూశావా? 2008 నుంచీ ఓవెన్స్ వ్యాలీ 40 మీటర్ల డిష్ 15 గిగాహెర్ట్జ్‌లో వారానికి రెండుసార్లు చూస్తోంది, దానికి పగలైనా ఒకటే. వేర్వేరు ఫ్రీక్వెన్సీలు మాత్రం కలపకు. కొత్తగా ఎగసిన ప్లాస్మా మొదట తక్కువ ఫ్రీక్వెన్సీని బయటికి రానివ్వదు, వ్యాపించి పలచబడ్డాకే వదులుతుంది. 37 గిగాహెర్ట్జ్‌లో కనిపించింది 4.8లోకి నెలల తర్వాత వస్తుంది. కలిపితే శిఖరం అలుక్కుపోతుంది. రేడియోకీ వెలుగుకీ మధ్య డిలే లెక్క కట్టేటప్పుడు తేదీలు ఒకటి జేడీ, ఒకటి ఎంజేడీ (రెండూ ఖగోళపు రోజుల లెక్కలే) కాకుండా చూసుకో. అరరోజు తేడా నీకు పెద్దది కాకపోయినా పేపర్ పరిశీలించే రిఫరీ కంట పడితే మిగతావన్నీ అనుమానిస్తాడు.

రెండున్నర చుట్లే అని ఒప్పుకుంటూ రాసినా అది మంచి పేపరే. మీ సార్ తొందరపెడుతున్నారా? నువ్వే తొందరపడుతున్నావా? బుజ్జి సరిగ్గా చెప్పదు.

నాన్నగారు అడగరు గానీ, గేటు చప్పుడైతే చాలు ఫోన్ వైపు చూస్తున్నారు. చోడి అంబలిలో మజ్జిగ వేసుకుని పొద్దున్నే తాగు. ఆ పదివేల కర్వులూ రాత్రంతా వాటంతటవే నడుస్తాయి, పక్కన మేలుకుని కూర్చోనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం కరెంటు ఉంటుంది, అప్పుడు చెయ్యి.

ఆశీస్సులతో
అమ్మ