సోలార్ ఇన్వర్టర్ల ట్రిప్పింగ్: వోల్టేజీ ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు,

ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంటింటికీ సోలార్ ఇన్వర్టర్లు వస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం అవి ట్రిప్పయితే చాలాచోట్ల సర్వీసువాళ్లు చేసే మొదటి పని ఓవర్ వోల్టేజీ సెట్టింగు పెంచేయడం. లైను చివర వోల్టేజీ 253 వోల్టులు దాటుతుంటే సమస్య లైనుదే. 240 దగ్గరే ఉన్నా ట్రిప్పవుతుంటే మాత్రం ఫిల్టర్ రెజొనెన్సును, అంటే ఇన్వర్టర్‌లోని ఫిల్టర్ తన సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగిపోవడాన్ని, అనుమానించాలి.

ఇన్వర్టర్ లోపలి స్విచ్‌ల వల్ల కరెంటులో పుట్టే సన్నని అలలు (స్విచింగ్ రిపుల్) గ్రిడ్‌లోకి పోకుండా ఇన్వర్టర్ ఔట్‌పుట్‌లో రెండు ఇండక్టర్లు, వాటి నడుమ ఒక కెపాసిటర్ పెడతారు; ఇదే ఆ ఫిల్టర్. వీటికో సహజ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్, లైన్ల ఇండక్టెన్స్ (గ్రిడ్ ఇండక్టెన్స్) పెరిగేకొద్దీ అది కిందికి దిగుతుంది. ఒకే రకం ఇన్వర్టర్లు నాలుగు ఒకే ఫేజు మీద ఉంటే నాలుగింటి కరెంటూ ఒకే దారిన పోతుంది కనుక, ఒక్కోదానికీ గ్రిడ్ ఇండక్టెన్స్ నాలుగింతలై కనిపిస్తుంది.

ఉదాహరణకు ఇన్వర్టర్ వైపు 2 మిల్లీహెన్రీ, గ్రిడ్ వైపు 1 మిల్లీహెన్రీ, కెపాసిటర్ 2.5 మైక్రోఫారడ్ అనుకుందాం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్ సుమారు 0.25 మిల్లీహెన్రీ. ఒక్క ఇన్వర్టరే ఉంటే రెజొనెన్స్ 3,630 హెర్ట్జ్, నాలుగుంటే 3,180. ఇన్వర్టర్ కంట్రోలర్ కరెంటును కొలిచే వేగం (శాంప్లింగ్) 20 కిలోహెర్ట్జ్ అయితే అందులో ఆరో వంతు, అంటే 3,330, అసలు హద్దు గీత. డిజిటల్ కంట్రోలులో ఒకటిన్నర శాంపిళ్ల ఆలస్యం సరిగ్గా అక్కడ 90 డిగ్రీలవుతుంది. గ్రిడ్‌లోకి పోయే కరెంటునే కొలిచి దాన్నిబట్టి సర్దుకునే (ఫీడ్‌బ్యాక్‌గా తీసుకునే) ఇన్వర్టర్ ఆ గీతకు పైన డ్యాంపింగ్ (ఊగులాటను అణచే ఏర్పాటు) లేకున్నా నిలుస్తుంది, కిందికి దిగితే ఊగిపోతుంది. ఫ్యాక్టరీ బెంచి మీద ఒక్కటే పెట్టి పరీక్షిస్తే ఇది ఎలా బయటపడుతుంది?

సాధారణ పవర్ క్వాలిటీ మీటర్‌కూ ఇది చిక్కదు. అది 50వ హార్మోనిక్ (50 హెర్ట్జ్‌కు 50 రెట్లు) వరకు, అంటే 2,500 హెర్ట్జ్ దాకానే చూపిస్తుంది. డిఫరెన్షియల్ ప్రోబుతో ఆసిలోస్కోప్ పెట్టి ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫు) చూడాలి. అన్నీ నడుస్తుండగా ఒక్కొక్కటే ఆపుతూ రండి. ఒకటి ఆగగానే మిగతావాటి కీచు శబ్దం, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరి ముల్లు రెండూ మాయమైతే దొంగ రెజొనెన్సేనని తేలినట్టే.

దీనికి విరుగుడు ఇన్వర్టర్ తయారీదారు చేతిలోనే ఉంది. కెపాసిటర్‌కు సిరీస్‌లో రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ దగ్గర దాని ఇంపెడెన్స్‌లో (నిరోధంలో) సుమారు మూడో వంతు రెసిస్టర్, పై లెక్కలో 6.8 ఓములు, పెట్టాలి. 50 హెర్ట్జ్ నష్టం సుమారు పావు వాటే గానీ రిపుల్ కరెంటు వేడికి తగ్గ వాటేజీ ఎంచుకోవాలి. వేడి వద్దనుకుంటే రెసిస్టర్ బదులు కంట్రోలు ద్వారానే, కెపాసిటర్ కరెంటు ఫీడ్‌బ్యాక్‌తో ఊగులాటను అణచవచ్చు (యాక్టివ్ డ్యాంపింగ్). అదీ అదే ఆలస్యానికి లోబడేదే కాబట్టి, ఇండక్టెన్స్ మారినా నిలుస్తుందో లేదో పరీక్షించాలి.

డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏ సామర్థ్యంతో సరిపెట్టకుండా, ఏ ఫేజు మీద ఎన్ని సింగిల్ ఫేజు ఇన్వర్టర్లున్నాయో చూసి మూడు ఫేజులకూ పంచాలి. ఎంత గ్రిడ్ ఇండక్టెన్స్ వరకు స్థిరంగా పనిచేస్తుందో డేటాషీటులో రాయని ఇన్వర్టర్‌ను ఆమోదించకూడదు.

ఇట్లు,
ఒక పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, విశాఖపట్నం