కుడి ఫోల్డ్ గురించి రఘుకు

రఘూ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం, పని ఎప్పటిలాగే ఊపిరాడనివ్వడం లేదు, తక్కిన కబుర్లు మరోసారి రాస్తాను. నీకు చెప్పందే ఉండలేని సంగతి ఒకటుంది: హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ఫోల్డ్ఆర్, అంటే కుడి ఫోల్డ్. లిస్టులోని అంశాలన్నిటినీ ఒక ఫంక్షన్‌తో (రెండు విలువలు తీసుకుని ఒకటి ఇచ్చే లెక్కతో) కలిపి ఒకే ఫలితంగా మార్చడమే ఫోల్డ్.

లిస్టును కుడి నుంచి ఫోల్డ్ చేయడమంటే చివరి అంశం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవడమని చాలామంది చెబుతారు. కానీ దాని నిర్వచనం చూడు. లిస్టు ఖాళీ అయితే ఆరంభ విలువనే ఇవ్వాలి. కాకపోతే మొదటి అంశాన్నీ, మిగిలిన లిస్టును ఫోల్డ్ చేస్తే వచ్చేదాన్నీ ఫంక్షన్‌కు అందించాలి. ఫంక్షన్‌కు ముందుగా దొరికేది మొదటి అంశమే! కుడివైపుకు ఒరిగేవి బ్రాకెట్లు. 1, 2, 3 మీద తీసివేతను సున్నాతో కుడి ఫోల్డ్ చేస్తే 1 − (2 − (3 − 0)), అంటే 2. ఎడమ ఫోల్డ్ చేస్తే ((0 − 1) − 2) − 3, అంటే −6.

హాస్కెల్ అవసరం పడేదాకా దేన్నీ లెక్కగట్టదు కనుక దీని ఫలితం అద్భుతంగా ఉంటుంది. 1 నుంచి అంతులేకుండా సాగే లిస్టులో 3 కంటే పెద్ద సంఖ్య ఉందా అని ‘లేదా’తో (రెండు వైపుల్లో ఏ ఒక్కటి ‘అవును’ అయినా ‘అవును’ అనేదానితో) కుడి ఫోల్డ్ చేశాననుకో: 1, 2, 3 దగ్గర ‘కాదు’ అని వస్తుంది, 4 దగ్గర ‘అవును’ అని తేలగానే ‘లేదా’ తన రెండో వైపు చూడవలసిన అవసరమే ఉండదు, కనుక ఆపైనున్న అనంతమైన లిస్టును ఎవరూ ముట్టుకోరు. అదే పని ఎడమ ఫోల్డ్‌కు అప్పగిస్తే ఎప్పటికీ ముగియదు, ఎందుకంటే దాని అన్నిటికన్నా బయటి బ్రాకెట్ చివరి అంశానిది, ఆ చివరి అంశం ఎన్నటికీ రాదు. దీన్ని కాగితం మీద గీసుకుని చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

అయితే కూడికకు కుడి ఫోల్డ్ వాడకు. కూడికకు రెండు వైపులా విలువలు కావాలి కాబట్టి, చివరిదాకా వెళ్లేలోపు పూర్తికాని కూడికలన్నీ పేరుకుపోతాయి. అక్కడ వెంటవెంటనే లెక్కగట్టే ఎడమ ఫోల్డే మేలు. ఓకామెల్ అనే మరో భాషలో లిస్టుల కుడి ఫోల్డ్ టెయిల్ రికర్సివ్ కాదని (అంటే తనను తాను పిలుచుకున్నాక కూడా చేయాల్సిన పని మిగిలే ఉంటుందని) దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. జావాస్క్రిప్ట్ భాషలో ఇలాంటి పనే చేసే రెడ్యూస్‌రైట్ తీరు వేరు: అర్రేకు (అక్కడి లిస్టుకు) ఇండెక్సులు, అంటే అంశాల వరుస సంఖ్యలు, ఉంటాయి కనుక అది నిజంగానే చివరి నుంచి వెనక్కి నడుస్తుంది.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముచ్చటైనది. ఎడమ ఫోల్డ్‌ను కుడి ఫోల్డ్‌తోనే రాయవచ్చు! ఫలితంగా విలువకు బదులు ఒక ఫంక్షన్‌ను కట్టుకుంటూ పోవాలి, ఆరంభ విలువగా ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగిచ్చే ఫంక్షన్‌ను పెట్టాలి, ఆపైన ప్రతి అంశమూ తన వంతు లెక్క చేసి ఆ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు... మీటింగ్‌కు పిలుస్తున్నారు, వెళ్లక తప్పదు. మిగిలింది నువ్వే పూర్తిచేసి రాయి.

నీ
వాసు