కారవాన్ లేదు, మోటుపల్లి ఉంది

మన గుంటూరు–వాడరేవు ఆదివారం ట్రిప్పుకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. ఇక మీదట లోపలే సోఫాలు, బాత్రూము ఉన్న ఆ కారవాన్ బండి ఉండదు, టెంపో ట్రావెలర్ వస్తుంది. పోయిన ఆదివారం తెల్లారితే బయలుదేరాలనగా ట్రిప్పు ఎందుకు ఆగిపోయిందో ఎప్పుడూ వచ్చే మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ రోజు డబ్బులు అందరికీ తిరిగి పంపేశాను.

కారవాన్ విజయవాడ నుంచి కిరాయికి తెస్తామని మీకు తెలుసు. శనివారం రాత్రి పదిన్నరకి దాని ఓనరు ఫోన్ చేసి గేర్‌బాక్సు పోయిందన్నాడు. బండి అన్నాక పోతుంది, సరే అనుకున్నాను. పొద్దున్నే మన పాత కస్టమరు ఒకాయన ఫొటో పంపారు. కంకిపాడు దగ్గర ఫంక్షన్ హాలు ముందు అదే బండి, అద్దం కింద బంతిపూల దండ. అదే అని ఎలా తెలుసంటారా? వెనక ఎడమవైపు లైటు పగిలితే మా డ్రైవరే ఎర్ర రేడియం టేపు అంటించాడు, దాని ఒక కొస లేచిపోయి ఉంటుంది. ఫొటోలో ఆ కొస కూడా కనపడుతోంది. ఓనర్ని అడిగితే "మీది ఒక్కరోజు కిరాయే కదండీ, వాళ్లది పెద్ద పెళ్లి" అన్నాడు. బండి ఇవ్వనందుకు కాదు, 'ఒక్కరోజు కిరాయే' అన్నాడు చూడండి, అందుకు మండింది. ఇప్పుడు రేటు తగ్గిస్తానని కబురు పెడుతున్నాడు. ఊరికే ఇచ్చినా ఆ బండి నేనెక్కను, మిమ్మల్ని ఎక్కించను.

సోఫాలు, ఫ్రిజ్జు లేకపోతే కొంపలేం మునగవు. ఇబ్బందల్లా బాత్రూముతోనే. మన ట్రిప్పుకి పెద్దవయసు ఆడవాళ్లు టెన్షన్ లేకుండా వస్తున్నారంటే దానివల్లే. అందుకని చీరాలలో లాడ్జి గదులు రోజంతటికీ తీసుకుంటున్నాం, బాపట్లలో భావనారాయణస్వామి గుడికి దగ్గర్లో తెలిసినవాళ్లింట్లో మాట్లాడాం. మనిషికి 2,400 బదులు 1,700. ముందే కట్టినవాళ్లకి తేడా వాపసు. పులిహోర, పెరుగన్నం మామూలే.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. గదుల దగ్గర ఆగుతూ వెళ్తే టైము చాలదు. సూర్యలంక బీచన్నా తీసెయ్యాలి, రాతి శాసనం ఉన్న పాత రేవు మోటుపల్లన్నా తీసెయ్యాలి. ఎవర్ని అడిగినా మోటుపల్లే తీసెయ్యమన్నారు. "పిల్లలు సముద్రం అడుగుతారు గానీ శాసనాలు అడుగుతారా?" అంది మా ఆవిడ. వ్యాపారం లెక్కలో ఆవిడ మాటే రైటు. మోటుపల్లి కొట్టేసి కాగితం రాశాను, చించేశాను, మళ్లీ రాశాను. చివరికి సూర్యలంకే తీసేశాను.

ఎందుకంటే సూర్యలంకకి మీరు ఎప్పుడైనా వెళ్లొచ్చు, బాపట్లలో ఆటో ఎక్కితే దింపుతాడు. మోటుపల్లికి మనం తీసుకెళ్లకపోతే మీలో ఎంతమంది వెళ్తారు? కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది. అంతకుముందు తుఫానుకి చితికిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులే లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం దాటి వచ్చేవాళ్లని ఇక దోచుకోము, సుంకం తప్ప ఏదీ ముట్టుకోము అని గణపతిదేవుడు రాయించాడు. ఆ సుంకం కూడా ముప్పై వంతుల్లో ఒక వంతు. మార్కో పోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ రేవు గురించే. పరాయి దేశపు వర్తకుడికి ఇచ్చిన మాటని రాతి మీద చెక్కించిన చోటు అది. మన కారవాన్ ఓనరు వస్తానంటే ఒక సీటు ఫ్రీగా ఇస్తాను, నిలబడి చదువుకోమనండి.

వాడరేవు లైట్‌హౌస్ ఎప్పట్లాగే సాయంత్రం. పైకి ఎక్కనివ్వడం అక్కడి సిబ్బంది చేతిలో ఉంటుంది, మాట ఇవ్వలేను. దీపం వెలిగేదాకా మాత్రం కదలం. మన తీరంలో పొద్దు సముద్రంలో కుంకదు, వెనక సరుగుడు తోటల్లోకి దిగుతుంది. ఆ తర్వాత పిల్లల చేతికి వాచీ ఇచ్చి, వెలుగుకీ వెలుగుకీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టిస్తాం. ఓడలోవాళ్లు ఏ ఊరి దీపమో పోల్చుకునేది ఆ లెక్కతోనే. నీళ్లలో కాళ్లు తడుపుకోండి చాలు. అక్కడ అల లాగేస్తుంది, లోపలికి దిగుతానంటే మా డ్రైవరు ఊరుకోడు.

వచ్చే ఆదివారం పొద్దున 5.30కి శంకర్ విలాస్ సెంటర్లో బండి ఉంటుంది. కారవాన్ లేకపోతే రాలేమనేవాళ్లు చెప్పండి, మారుమాట లేకుండా డబ్బు పంపిస్తాను. మోటుపల్లి తీసెయ్యమని చెప్పడానికైతే మాత్రం ఫోన్ చెయ్యకండి.