పోర్టు నేలలోని నీటిని ముందు తీయండి

ఎడిటర్ గారికి,

రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట అంటూ మన తీరం పొడవునా పోర్టు పనులు నడుస్తుంటే, ఇన్నేళ్లు ఆ పనుల్లోనే బతికిన నాకు సంతోషంగానే ఉంది, కానీ ఒక్క విషయంలో టెన్షన్. పోర్టు యార్డుల నేల పూడ్చడానికి డ్రెడ్జర్ సముద్రం అడుగు నుంచి తోడి పోసేదంతా ఇసుకే కాదు. అందులో మెత్తటి బంకమట్టి వచ్చిందంటే ఎండకు పైన పెచ్చుకడుతుంది, కింద మాత్రం ఏళ్ల తరబడి పెరుగులా ఉంటుంది. నడిచే మనిషికి గట్టి నేలే అనిపిస్తుంది.

నేను పనిచేసిన ఒక యార్డులో అలాంటి నేల మీదే గ్రావెల్ పోసి, రోలర్ తొక్కించి, కాంక్రీటు వేసేశారు. రెండు వర్షాకాలాలు తిరక్కుండానే ఫ్లోరు పళ్లెంలా గుంటపడింది. షెడ్డుకు పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపిన పునాది స్తంభాలు, ఉన్నాయి కాబట్టి అది నిలబడింది, చుట్టూ నేల మాత్రం దిగిపోయింది. పైల్స్ వేస్తే చాలనుకునేవాళ్లు ఇంకోటి కూడా చూడాలి, కుంగే మట్టి పైల్‌ను పట్టుకుని తనతోపాటు కిందికి లాగుతుంది, ఆ బరువూ డిజైన్‌లో లెక్కపెట్టాల్సిందే.

అసలు జబ్బు నీరు. బంకమట్టిలో నీరు నడవాల్సిన దూరం సగమైతే, బయటికి రావడానికి పట్టే టైము నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే బెత్తెడు వెడల్పుండే ప్లాస్టిక్ డ్రెయిన్లను మీటరుకొకటి చొప్పున నిలువుగా దింపి, పైన ఇసుక పరిచి, గాలి చొరబడని షీటు కప్పి, అంచులను చుట్టూ తవ్విన కాలువలో పూడ్చి, నెలల తరబడి పంపులతో గాలినీ నీటినీ లాగుతారు. అప్పుడు పైనున్న వాతావరణమే నేలను నొక్కుతుంది. 80 కిలోపాస్కల్ వ్యాక్యూమ్ నిలిస్తే చదరపు మీటరుకు దాదాపు 8 టన్నులు, అంటే నాలుగు మీటర్లకు పైగా మట్టి పోసినట్టు! నిజంగానే అంత మట్టి ఒకేసారి పోస్తే మెత్తటి నేల పక్కకు ఉబికి జారిపోతుంది, వ్యాక్యూమ్ లోపలికి లాగుతుంది కాబట్టి ఆ భయం లేదు. స్వీడన్ ఇంజనీర్ వాల్టర్ షెల్‌మన్ 1952లోనే చెప్పిన పద్ధతి ఇది, చైనాలో తియాన్‌జిన్‌లోనూ ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పోర్టులోనూ వాడారు.

ప్రతిచోటా ఇదే చేయమనను. షీటుకు చిల్లు పడినా, మధ్యలో ఇసుక పొర తగిలి గాలి లీకైనా, కరెంటు పోయినా వ్యాక్యూమ్ పడిపోతుంది. సన్నటి మట్టి డ్రెయిన్ చుట్టూ ఉండే ఫిల్టర్ బట్టకు పట్టేసి దారి మూసేస్తుంది. అంచుల బయట నేల బీటలిస్తుంది కాబట్టి ఇళ్ల పక్కన చేయకూడదు. చేతిలో టైముంటే డ్రెయిన్లు దింపి విడతలుగా మట్టి పోసుకున్నా పని జరుగుతుంది. ఏది చేసినా సరే, నీరు పోయిందని పరికరాల రీడింగులు చెప్పాకే పైన కాంక్రీటు వేయాలి. కాంట్రాక్టు గడువు దగ్గరపడిందని వేయకూడదు.

జపాన్‌లో సముద్రం మధ్య కట్టి 1994లో తెరిచిన కాన్సాయ్ ఎయిర్‌పోర్టు కుంగుతుందని ముందే తెలిసి టెర్మినల్ స్తంభాల కింద జాకీలు పెట్టుకున్నారు. ఎంత కుంగిందో కొలిచి జనానికి చెబుతున్నారు. మన పోర్టుల్లో కూడా పూడ్చిన ప్రతి యార్డులో నేల ఎంత కుంగిందో కొలిచే సెటిల్‌మెంట్ ప్లేట్లు పెట్టి, నెలనెలా ఆ రీడింగులు బయటపెట్టాలని టెండర్‌లోనే రాయమని అధికారులను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ సైట్ ఇంజనీరు, విశాఖపట్నం