బండ్లమోటులో వెతకాల్సింది వెండి కాదు, దుమ్ము

సంపాదకులకు,

పల్నాడులో పాత గనుల మాట వస్తే చాలు, బండ్లమోటు కొండలో వెండి ఉందా, మళ్లీ తవ్వుతారా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. వెండి సంగతి ముందు తేల్చేసి, అసలు అడగాల్సిన సీసపు దుమ్ము సంగతికి వస్తాను.

బొల్లాపల్లి మండలంలోని ఈ గని అగ్నిగుండాల ఖనిజ పట్టీలోది. ఆ పట్టీలో బండ్లమోటు సీసానికి, ధూకొండ రాగికి పేరు. నల్లకొండలో రెండూ ఉన్నాయి. ఇవన్నీ కడప బేసిన్ తూర్పు భాగంలో, నల్లమల శిలాసముదాయానికి చెందిన కంభం శ్రేణి రాళ్లు. వంద కోట్ల ఏళ్లకు ముందే సముద్రం అడుగున పేరుకున్న బురద, సున్నపు ఒండ్రు పలకరాళ్లుగా, డోలమైట్ అనే సున్నపురాయి రకంగా గట్టిపడి, తర్వాత ముడతలు పడ్డాయి. బండ్లమోటులో సీసం ఆ డోలమైట్‌లోనే, గెలీనా అనే సీసపు ఖనిజం రూపంలో, పొడలుగానూ సన్నని చారలుగానూ ఉంటుంది.

పాత గోతుల దగ్గర రాయి పగలగొట్టి 'వెండి మెరుస్తోంది' అనేవాళ్లు చూసేది గెలీనానే. పాచికల్లా చతురస్రపు ముక్కలుగా విరుగుతుంది, నీటికి ఏడున్నర రెట్లు బరువు, రాగి నాణెంతో గీస్తే గీత పడుతుంది. అందులో 86.6 శాతం సీసం, మిగతాది గంధకం. వెండి ఉన్నా స్ఫటికం లోపల కలిసిపోయి ఉంటుంది, కంటికి ఆనదు. టన్నుకు ఇన్ని గ్రాములని లెక్కగట్టాల్సిందే. బయటికి తీయడానికి ముందు సీసాన్ని కరిగించాలి. కరిగిన సీసంలో జింకు కలిపితే వెండి జింకు వైపు వెళ్లి, చల్లారేకొద్దీ పైన పొరలా తేలుతుంది. ఆ పొరను తీసి, జింకును ఆవిరిగా పంపించి, మిగిలిన సీసాన్ని గాలి ఊదుతూ ఆక్సైడ్‌గా మార్చి వేరు చేస్తే వెండి మిగులుతుంది. పెద్ద స్మెల్టర్‌కు, అంటే ఖనిజం కరిగించి లోహం తీసే కర్మాగారానికి మాత్రమే గిట్టే పని ఇది. ఇంట్లో కుంపటి మీద ప్రయత్నిస్తే చేతికి వచ్చేది సీసపు పొగ.

హిందుస్థాన్ జింక్ కంపెనీ హయాంలో ఇక్కడి ఖనిజం విశాఖ సీసం స్మెల్టర్‌కు వెళ్లేది. 2000 దశకం మొదట్లో గని ఆగిపోయింది. గనుల మూసివేత ప్రణాళిక తప్పనిసరి అన్న నిబంధన వచ్చింది 2003లో. అంతకుముందు తవ్వకం సాగిన ఏ గనికైనా వ్యర్థాల లెక్క విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆ వ్యర్థాల్లో ఎంత సీసం మిగులుతుందో అంచనాకు ఒక ఉదాహరణ. ఇది బండ్లమోటు లెక్క కాదు, ఇలాంటి ఏ గనికైనా వర్తించే పద్ధతి. 5 శాతం సీసం ఉన్న 100 టన్నుల రాయిని పిండి చేసి, నురగలో తేల్చి సీసాన్ని వేరు చేశారనుకోండి. 90 శాతం దక్కినా అర టన్ను సీసం 93 టన్నుల సన్నని ఇసుకలో ఉండిపోతుంది. అంటే కిలోకు 5,000 మిల్లీగ్రాములకు పైమాటే. పిల్లలు ఆడే నేలకు అమెరికా చాలాకాలం పెట్టుకున్న హెచ్చరిక గీత కిలోకు 400 మిల్లీగ్రాములు. ఇసుక నున్నగా, తెల్లగా ఉంటుంది, ఊరికే దొరుకుతుంది. గోడల పూతకో ముంగిట్లో పరచడానికో తీసుకెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది. భయమంతా అక్కడే.

అధికారులు సాధారణంగా చేసేది బావి నీళ్లు పరీక్షించడం. బండ్లమోటు విషయంలో అది చాలదు, దానికి కారణం రాయిలోనే ఉంది. గనిలోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి, నీరు తగిలి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, డోలమైట్ దాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. కాబట్టి నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాముల భారతీయ పరిమితి లోపే ఉండొచ్చు. కానీ అదే చర్యలో గెలీనా మెల్లగా సీసం కార్బనేట్‌గా మారుతుంది. అది కడుపులోని ఆమ్లంలో గెలీనా కంటే చాలా తేలిగ్గా కరుగుతుంది. నీళ్లు మంచివని తేలిన ఊళ్లోనూ దుమ్ము తిన్న పిల్లల రక్తంలో సీసం చేరొచ్చు. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది పదో వంతైతే, చిన్నపిల్లలకు సగం దాకా పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలకు ఇంకా ఎక్కువ. జాంబియాలోని కాబ్వే గని కూడా డోలమైట్‌లోదే. 1994లో మూతపడినా అక్కడి పిల్లల రక్తంలో సీసం ఇప్పటికీ ప్రపంచంలోనే ఎక్కువగా నమోదవుతున్న వాటిలో ఉంది.

పాత సొరంగాల్లో దిగేవాళ్లకు ఒక మాట. పైరైట్ ఆక్సిజన్‌ను తినేస్తుంది, ఆమ్లం తగిలిన డోలమైట్ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అది గాలి కంటే బరువు కనుక పల్లంలో నిలుస్తుంది. పడిపోయినవాణ్ని పైకి లాగడానికి దిగిన రెండోవాడు కూడా అక్కడే పడిపోతాడు.

కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి, గనుల శాఖ కలిసి చేయాల్సింది ఇది. వ్యర్థాల దిబ్బ చుట్టూ, ఊరి వీధుల్లో, బడి ఆవరణలో, అంగన్‌వాడీ గుమ్మాల దగ్గర పైన రెండు సెంటీమీటర్ల మట్టినే తీయాలి. లోతుగా తవ్వి కలిపేస్తే సీసం పలచబడి అంకె తప్పుతుంది. 150 మైక్రాన్ల జల్లెడ దిగిన పొడిని పరీక్షించాలి, చేతికి అంటి నోట్లోకి పోయేది ఆ పొడే. ఆరేళ్ల లోపు పిల్లలకు రక్తం నరం నుంచి తీయాలి. వేలు గుచ్చితే చర్మం మీది దుమ్మే ఫలితాన్ని పెంచేస్తుంది. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు వస్తే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతకమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంకెలు వచ్చాక వాటిని ఫైలులో దాచకుండా, ఏ వీధిలో ఎంతో తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అప్పటిదాకా ఆ ఇసుకను ఎవరూ ఇళ్లకు తోలకుండా చూడటం, ముంగిళ్లు పొడి చీపురుతో ఊడవకుండా నీళ్లు చల్లి ఊడవడం, అన్నానికి ముందు పిల్లల చేతులు కడిగించడం, ఈ మూడింటికీ ఏ అనుమతీ అక్కర్లేదు.

- ఒక పాఠకుడు, నరసరావుపేట