డెమో రాకముందే గడువు అయిపోయింది: కుట్టు మిషన్‌పై ఫిర్యాదు

నర్సంపేట, వరంగల్ జిల్లా
2025 ఆగస్టు 11

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: జిగ్‌జాగ్ కుట్టు మిషన్ మార్చి ఇవ్వాలని, లేదా 11,490 రూపాయలు తిరిగి ఇవ్వాలని.

అయ్యా,

జూన్ 2న మీ దగ్గర ఆన్‌లైన్‌లో మోటారు జిగ్‌జాగ్ మిషన్ కొన్నాను. 6న ఇంటికి వచ్చింది. “మా మనిషి వచ్చి డెమో ఇచ్చేవరకు సీల్ తీయవద్దు, తీస్తే వారంటీ ఉండదు” అని పెట్టె మీద అంటించి ఉంది. నేను ముట్టుకోలేదు. రోజూ ఫోన్ చేస్తే రేపు వస్తారు, రేపు వస్తారు అన్నారు. మీ మనిషి వచ్చింది 15న. వాపసుకు మీరు పెట్టిన గడువు, మిషన్ ఇంటికి చేరిన రోజు నుంచి ఏడు రోజులు. పెట్టె తెరవద్దన్నదీ మీరే, తెరిచేలోపు గడువు దాటించిందీ మీరే. మరి నేను మిషన్ ఎప్పుడు చూసుకోవాలి?

డెమో రోజు చిన్న గుడ్డ ముక్క మీద నాలుగు వరసలు తిన్నగా కుట్టి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. జిగ్‌జాగ్ వేసి చూపించమంటే టైమ్ లేదన్నాడు. నేను కొన్నదే దాని కోసం. మా అమ్మ వాడిన నల్ల కాలి మిషన్ నా దగ్గర ఉంది, జాకెట్లన్నీ దాని మీదే కుడతాను. కానీ అది తిన్న కుట్టు తప్ప వేయదు. చీరలకు పీకో చేయాలంటే సూది పక్కలకు ఊగే మిషన్ కావాలి.

మర్నాడే తేడా తెలిసింది. సూది కుడివైపుకు వచ్చినప్పుడు కుట్టు బాగానే పడుతుంది, ఎడమకు వెళ్ళినప్పుడు తప్పిపోతుంది. మెత్తని సిల్కు చీర అంచు మీదైతే మూడు కుట్లకు ఒకటి ఎగిరిపోతుంది. సూది మార్చాను. 11 నంబరు, 14 నంబరు రెండూ పెట్టి చూశాను. దారం మార్చాను, బాబిన్ కేసు తీసి దుమ్ము దులిపాను, దారం బిగువు తగ్గించి, పెంచి చూశాను. ఇరవై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్న దాన్ని, దారం ఎక్కించడం రాక కాదు. మా ఊరి మెకానిక్ కూడా లోపల విప్పకుండా, చేత్తో చక్రం తిప్పి చూశాడు. సూది కిందికి దిగి పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా నిలుస్తుంది, దాన్ని కింది కొక్కెం సరిగ్గా ఆ క్షణంలో అందుకోవాలి, ఇక్కడ ఆలస్యంగా వస్తోంది, టైమింగ్ తప్పింది అన్నాడు. పది నిమిషాల పనే. కానీ బయటివాళ్ళు విప్పితే వారంటీ పోతుందని మీ కాగితంలోనే ఉంది కాబట్టి చేయించలేదు.

జూన్ 18న మీకు ఫిర్యాదు పెట్టాను. వారం తర్వాత, గడువు దాటింది, వాపసు కుదరదు అని ఒక మెసేజ్ వచ్చింది. రిపేరుకు ఎవరినీ పంపలేదు. జూలైలో రెండుసార్లు ఫోన్ చేస్తే, ఇది ఇంటి వాడకం మిషన్ అండీ, మీరు వ్యాపారానికి వాడుతున్నారు అన్నారు. మీ అమ్మకం పేజీలో మొదటి వరుసే “ఇంట్లో కుట్టుపని చేసుకునే మహిళలకు” అని ఉంది. ఆ మాట చూసే కొన్నాను. ఆ పేజీ ఫోటో, బిల్లు, తప్పిన కుట్ల వీడియో జత చేస్తున్నాను.

శ్రావణ మాసం మాకు పని దొరికే నెల. వరలక్ష్మీ వ్రతానికి ముందు పదకొండు చీరలు ఫాల్, పీకోకు వచ్చాయి. చీరకు వంద రూపాయలు. ఫాల్స్ చేత్తో కుట్టి ఇచ్చాను, పీకోకు మాత్రం వేరే వాళ్ళ దగ్గరికి పంపాను. అంతకుముందు ఒకామె చీర అంచు మీ మిషన్ కింద పోగులు లేచిపోయింది. ఆమె ఏమీ అనలేదు, కానీ మళ్ళీ రాలేదు. నాకు డబ్బు కన్నా అది ఎక్కువ బాధ.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను రాసి దాదాపు రెండు నెలలైంది. మీ ఖర్చుతో ఈ మిషన్ తీసుకెళ్ళి, జిగ్‌జాగ్ కుట్టించి చూపించిన వేరే మిషన్ ఇవ్వండి. లేదంటే మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి. వాపసు గడువును కూడా డెమో ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి. నాలాగే సీల్ తీయకుండా ఎదురుచూసే వాళ్ళు ఇంకా ఉంటారు.

ఈ నెల 26 లోపు జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మిషన్ పెట్టెలోనే భద్రంగా పెట్టి ఉంచాను, మీ మనిషి ఏ రోజు వచ్చినా ఇస్తాను.

ఇట్లు,
మీ దగ్గర మిషన్ కొన్న వినియోగదారు